సముద్రము దాటివచ్చిన రాగిణి



నేటి ప్రసంగమునకు నన్ను పురికొల్పినది మా యూరి రామాలయపు అరుగు. గడచిన కార్తికమాసమున ఒక సాయంకాలము, దీపములు పెట్టువేళ, మా గ్రామమున పెద్దరైతొకరు వచ్చి నా ప్రక్కన కూర్చుండిరి. వరుసకు నాకు బాబాయిగారు. చాలసేపు మాటాడలేదు. పైగుడ్డ తీసి మోకాళ్ళకు చుట్టుకొని, ధ్వజస్తంభము వైపు చూచుచు, తుదకు ఇట్లనిరి:

"ఏమిరా అబ్బాయి, నాలుగు పుస్తకాలు చదివినవాడివి. మా మనవరాలు అమెరికాలో ఒక తెల్లకుర్రవాణ్ణి చేసుకుంటానంటున్నది. వాడు మన నాట్యము నేర్చుకున్నాడట. తెల్లవారి లేచి ధ్యానము చేస్తాడట. మన దేవుడి మీద భక్తితో వచ్చి మన పిల్లను ప్రేమించాడా, పిల్లమీద మోజుతో మన దేవుణ్ణి పట్టుకున్నాడా? నాకు తేల్చి చెప్పు."

ఆ రాత్రి నేనేమియు తేల్చి చెప్పలేకపోతిని. "ఆలోచించి చెప్పెదను బాబాయీ" అని తప్పించుకొంటిని. భక్తియా, మోజా అను ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. నెలదినములు నాకు తెలిసిన గ్రంథములు తిరగవేసితిని. వెదకగా ఒక స్త్రీ చరిత్ర జ్ఞాపకము వచ్చినది. అది మన విజయవాడను రెండుచోట్ల తాకుచున్నది. ఆ కథనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఎస్తేర్ షెర్మన్ అను బాలిక 1893లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున పుట్టెను. వివేకానందస్వామి చికాగో సభలో ప్రసంగించిన సంవత్సరమును అదియే. ఆమె పెరిగినది మినియాపొలిస్ పట్టణమున. అచట చలికాలమున చెరువులు గడ్డకట్టి, మనుష్యులు వాని మీద నడచుచుందురు. అట్టి మంచుదేశపు పిల్లకు బాల్యమునుండియు నాట్యమన్న ప్రీతి. అందును తూర్పుదేశముల నాట్యమన్న విశేషమైన ప్రీతి.

ఆ కాలమున ఆ దేశస్థులకు మన దేశము ఎట్లు తెలియుచుండెనో కొంచెము చెప్పవలెను. ఎడ్విన్ ఆర్నాల్డు అను ఆంగ్లకవి జయదేవుని గీతగోవిందమును 1875లో ఇంగ్లీషున వెలువరించెను. 1906లో రూత్ సెయింట్ డెనిస్ అను అమెరికా నర్తకి న్యూయార్కులో 'రాధ' అను పేర ఒక నృత్యము చేసెను. అప్పటికామె భారతదేశమున అడుగు పెట్టి యెరుగదు. బొమ్మలు చూచి, పుస్తకములు చదివి అల్లుకొన్న నృత్యమది. 1913లో రవీంద్రనాథునికి నోబెల్ బహుమానము వచ్చినది. 1923లో అన్నా పావ్లోవా అను రష్యా నర్తకి మన ఉదయశంకరునితో కూడి లండనులో రాధాకృష్ణ నృత్యమును ప్రదర్శించెను. మన వేదాంతము, మన వలపు పాట, మన చీరకుచ్చెళ్ళు అన్నియు ఒక్క మూటగా కట్టబడి వారికి చేరుచుండెనన్నమాట. దానిలో ఏది గింజ, ఏది పొట్టు అని తూర్పారబట్టువారు అచట లేరు.

ఎస్తేరును ఆ గాలిలోనే పెరిగినది. మన దేశమునుండి రసాయనశాస్త్రము చదువుటకై వెళ్ళియున్న రాంలాల్ బలరాం బాజ్‌పాయి అను ఆయనతో ఆమెకు పరిచయమైనది. ఆయన ఆమెకంటె పదుమూడేండ్లు పెద్ద. చదువుతోపాటు దేశాభిమానమును కలవాడు. లాలా లజపతిరాయిగారితో కలిసి పనిచేసినవాడు. 1921లో వారు వివాహమాడిరి. ఆమె హిందూధర్మమును స్వీకరించి రాగిణీదేవి అను పేరు పెట్టుకొనెను.

ఈ వివాహమునకు ఆమె ఏమి మూల్యము చెల్లించెనో వినుడు. 1907లో అమెరికాలో ఒక శాసనము చేసియుండిరి. పరదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన దేశపు పౌరసత్వమును కోల్పోవును. భర్త ఏ దేశస్థుడో ఆమెయు ఆ దేశస్థురాలే యగును. అనగా తాళి కట్టించుకొన్న ఆ క్షణముననే రాగిణి తాను పుట్టిన గడ్డపై పరదేశి యైనది. 1922లో ఆ శాసనమును సడలించిరి గాని, అమెరికా పౌరులగుటకు అర్హత లేనివారిని పెండ్లాడిన స్త్రీలకు ఆ సడలింపు వర్తింపదనిరి. 1923లో భగత్‌సింగ్ థిండ్ అను ఆయన వ్యాజ్యెమున అచటి అత్యున్నత న్యాయస్థానము భారతీయులకు ఆ అర్హత లేదని తీర్పు చెప్పెను. థిండ్ ఆ దేశపు సైన్యములో పనిచేసినవాడే. అయినను ప్రయోజనము లేకపోయెను. భారతీయులకు ఆ తలుపు మరల తెరచుకొన్నది 1946లో. కావున "వారి పిల్ల మన పిల్లవానిని చేసికొన్నదట" అని నేడు మనము తేలికగా అనుకొనుమాట ఆనాడు అంత తేలికయైనది కాదు.

అయితే ఆమె నడతలో నాకు నచ్చని విషయమొకటి కలదు. దానిని దాచను. రంగస్థలముమీద ఆమె తాను కాశ్మీరదేశమున పుట్టిన హిందూకన్యనని చెప్పుకొనెడిది. పత్రికలవారును అట్లే వ్రాసెడివారు. ప్రేమతోనే కావచ్చును, పొట్టకూటికే కావచ్చును, అసత్యము అసత్యమే. 1928లో ఆమె 'నృత్యాంజలి' అను పేర హిందూ నాట్యమును గురించి ఒక చిన్న గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. మన నాట్యమును గురించి అమెరికాలో వెలువడిన మొదటి గ్రంథములలో నది యొకటి. అప్పటికిని ఆమె మన నేలమీద ఒక గురువు ఎదుట గజ్జె కట్టినది కాదు.

బాబాయిగారి ప్రశ్నకు ఇంతవరకు వచ్చు జవాబు: మోజే.

ఇక రెండవ భాగము. 1930లో ఆమె భర్తను విడిచి భారతదేశమునకు వచ్చెను. అప్పుడామె గర్భవతి. ఆ వచ్చుటకు నాట్యమొక్కటియే కారణము కాదు. హరీంద్రనాథ చట్టోపాధ్యాయుడను కవి మీద ఆమెకు అనురాగము కలిగియుండెను. హరీంద్రనాథుడు హైదరాబాదున 1898లో పుట్టినవాడు, సరోజినీదేవికి తమ్ముడు, పాడగలవాడు, ఆడగలవాడు, చూపరులను మాటలతో కట్టివేయగలవాడు. ఆయనకు అప్పటికే కమలాదేవితో వివాహమైయున్నది. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు వెళ్ళిన ఆ మహాయిల్లాలిని ఎరుగనివారెవరు? ఈ అనురాగమువలన రెండు సంసారములు చెడినవి. ఆ కవితోడి చెలిమియు చిరకాలము నిలువలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో దక్షిణదేశమున రాగిణికి ఆడుపిల్ల కలిగినది. ఆ బిడ్డకు ఇంద్రాణి యని పేరు పెట్టిరి.

పెద్దలు కొందరు "ఇట్టి కథ మాకేల చెప్పుచున్నావు?" అని అనుకొనుచుందురు. కొంచెము ఓపిక పట్టవలెనని ప్రార్థన.

పసిబిడ్డతో, దేశముకాని దేశమున నిలిచిన ఆ స్త్రీ తిరుగుటోడ యెక్కలేదు. గురువులను వెదకికొనెను. ఎవరిని వెదకినదనుకొన్నారు? ఆనాడు మన సంఘము వాకిట నిలువనీయని స్త్రీలను! మైలాపూరు కపాలీశ్వరాలయమున దేవదాసిగా కొలువు చేసిన గౌరీ అమ్మాళ్ వద్దను, మైసూరున జెట్టి తాయమ్మ వద్దను ఆమె అభినయము నేర్చుకొనెను. 1892 ప్రాంతమునుండి మేజువాణులకు వ్యతిరేకముగా చెన్నరాజధానిలో పెద్ద ఆందోళనము సాగినది. మన వీరేశలింగము పంతులుగారు దానికి కలమును గళమును ఇచ్చిరి. తుదకు 1947లో దేవాలయములకు స్త్రీలను అంకితము చేయుటను నిషేధించు శాసనము వచ్చినది. అందు న్యాయము లేకపోలేదు. ఆ స్త్రీల బ్రదుకులలో అన్యాయము మెండుగా నుండెను. కాని చెట్టుకు పట్టిన పురుగును చంపబోయి చెట్టునే కొట్టివేసినట్లు, ఆ స్త్రీల చేతులలో దాగియున్న విద్యకూడ మట్టిలో కలియునట్లాయెను. అట్టి సమయమున ఒక పరదేశీయురాలు వచ్చి వారి పాదములవద్ద కూర్చుండెను.

(వీరేశలింగము పంతులుగారి ప్రస్తావన వచ్చినది గనుక ఒక ముచ్చట. హరీంద్రనాథుని అక్కగారు సరోజినీదేవి వంగదేశపు బ్రాహ్మణకన్య. మన తెలుగువారైన డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని ఆమె 1898లో మద్రాసులో పెండ్లాడినప్పుడు ఆ వివాహమునకు పెద్దరికము వహించినది పంతులుగారే. మేజువాణిని వలదన్న చేతులే కులాంతర వివాహమునకు అక్షతలు వేసినవి.)

తరువాత రాగిణి మలయాళదేశమునకు వెళ్ళినది. మహాకవి వళ్ళత్తోళ్ 1930లో స్థాపించిన కళామండలమున కథాకళి నేర్చుకొనెను. కథాకళి ఆనాడు మగవారి విద్య. స్త్రీలకు నేర్పు ఆచారము అప్పుడు లేకుండెను. అచట గోపీనాథ్ అను యువనటునితో జతకూడి, రాత్రి తెల్లవార్లు సాగు ఆటను ఒకటి రెండు గంటలలో నగరవాసులు చూడదగిన తీరున కుదించి, 1930ల నడుమ దేశమంతట ప్రదర్శించెను. తాను నేర్చినదానిని గురించి నలువది యేండ్ల తరువాత, 1972లో, మన దేశపు నాట్యభేదములన్నిటిమీద ఒక పెద్ద గ్రంథము వెలువరించెను. 1928 నాటి చిన్నపుస్తకమునకు, 1972 నాటి ఈ పెద్ద గ్రంథమునకు నడుమ ఎంత చెమట యున్నదో మనము ఊహింపవచ్చును.

ఇప్పుడు కథను ఒక ఘడియసేపు ఆపి, అసలు చిక్కు విప్పవలెను. వలపు పాటకు, దేవునికి ఏమి సంబంధము? తెల్లవారే కాదు, మన పిల్లలును ఈ ప్రశ్న అడుగుచున్నారు. దీనికి జవాబు వెదకుటకు సముద్రము దాటనక్కరలేదు. విజయవాడలో బస్సెక్కి పామర్రు మీదుగా కూచిపూడిలో దిగిన చాలును.

కూచిపూడి భాగవతులకు భామాకలాపమును ప్రసాదించిన సిద్ధేంద్రయోగి కథ మీలో చాలమంది యెరుగుదురు. దానిని పలువురు పలువిధముల చెప్పుదురు. నేను మా తాతగారి నోట విన్నది ఇది. ఆయనకు చిన్ననాటనే పెండ్లియైనది. యౌవనము వచ్చినపిదప అత్తవారింటికి బయలుదేరి, కృష్ణను ఈదుచుండగా నడియేట వరద వచ్చి మీదబడినది. "ప్రాణము దక్కినచో సన్న్యసింతును" అని అచటనే సంకల్పము చెప్పుకొనెను. ప్రాణము దక్కినది. అవతలిగట్టు చేరినవాడు పెనిమిటి కాడు, యతి.

మా తాతగారు ఇక్కడ ఆపి పొడుము పీల్చెడివారు. నేను మాత్రము ఆ అవతలిగట్టున ఎదురుచూచుచున్న పిల్లను గురించి ఆలోచించెడివాడను. పెరిగి పెద్దయైన తరువాత నాకు తోచినదేమనగా, సిద్ధేంద్రుడు కూడ ఆమెను మరచినవాడు కాడు. యతియైనవాడు వైరాగ్యశతకము వ్రాసికొనవచ్చును. ఈయన వ్రాసినది ఒక ఆలి మగనికొరకు వేచి, వేగి, అలిగి, కరగిపోవు కథ. ఏటి నడుమ ఆగిపోయిన ఆ ప్రయాణమును సత్యభామచేత పూర్తి చేయించినాడని నేననుకొందును.

భామాకలాపము చూచినవారికి ఆ ప్రవేశము జ్ఞాపకముండును. ఇద్దరు తెర పట్టుకొందురు. తెర వెనుకనుండి ముందుగా కనబడునది ముఖము కాదు, జడ. నాగరము, పాపిట, జడకుచ్చులతో తీర్చిన ఆ జడ తెరమీదనుండి ఇవతలికి పడును. నాతో సరితూగువారెవరైన నున్నచో రండు అని ఆ జడయే సభను సవాలు చేయుచున్నట్లుండును. పిదప తెర తొలగును. సత్యభామ తన పుట్టుక, తన అందము, తన మగని తనయందలి ప్రేమ చెప్పుకొనును. అంతయు 'నేను, నేను' అనుటయే. ఆ తరువాత స్వామి రాడు. గంటలు గడచును. చెలికత్తె మాధవితో మొదట కోపముగా, తరువాత బెంగగా, పిదప దైన్యముగా పలుకును. తుదకు లేఖ వ్రాయును. ఆ లేఖ వ్రాయుచోట 'నేను' కరగి 'నీవు' మిగులును. పెద్దలు సత్యభామను జీవాత్మగను, కృష్ణుని పరమాత్మగను చెప్పుటలోని మర్మమిదియే.

ఒక్క సంగతి గమనింపుడు. అచట శృంగారమును తీసివేసి భక్తిని పెట్టలేదు. మగనికొరకు వేగిన ఒడలే, ఆ కన్నులే, ఆ ఎదురుచూపే దేవునివద్దకు నడచినవి. మన అలంకారశాస్త్రజ్ఞులు శృంగారమును సంభోగమని, విప్రలంభమని రెండుగా విభజించిరి. కలయిక, ఎడబాటు అని అర్థము. ఎడబాటులో మనస్సు శోధింపబడును గనుక మన కవులు దానియందే ఎక్కువ మక్కువ చూపిరి. కూచిపూడికి కూతవేటు దూరమున మొవ్వ కలదు. మొవ్వ గోపాలుని పేర పదములు చెప్పిన క్షేత్రయ్య నాయికలు పడకటింటి మాటలనే మాటాడుదురు. ఆ పదములను తంజావూరు రాజు విన్నాడు, మధురరాజు విన్నాడు, గోలకొండ పాదుషాయు విన్నాడు. కూచిపూడిని భాగవతులకు అగ్రహారముగా ఇచ్చినది ఆ గోలకొండ వంశమున కడపటివాడైన తానీషాయే యని పరంపరగా చెప్పుదురు. బందరు త్రోవలో వారి ఆట చూచి మెచ్చినాడట. తురకప్రభువు కృష్ణకథకు మెచ్చి బ్రాహ్మణులకు ఊరు ఇచ్చుట మన కృష్ణాతీరమున జరిగినదని మురిసికొనుచున్నాము గదా, మంచుదేశపు పిల్ల అదే కథకు మెచ్చి తన ఊరినే వదలుకొనుట ఏమంత వింత?

అయితే ఈ శృంగారము రెండంచుల కత్తి. అభినయించువానికి గురువు లేకున్నచో అది వట్టి ఒడలి విరుపుగా మిగులును. చూచువానికి సంస్కారము లేకున్నను అంతే. న్యూయార్కు రంగస్థలముమీద మెరయుచున్ననాడు రాగిణికి లేనిది ఈ గురువే. గౌరీ అమ్మాళ్ వద్ద కూర్చుండిన పిమ్మటనే అది దొరకినది. ఒక్క పదమును పట్టుకొని అదే పంక్తికి పది విధముల అర్థము కన్నులతో చెప్పుట ఆ తల్లుల విద్య. ముసలితనమున, చీకటియింటిలో, నేలమీద కూర్చుండియే వారు రాధను చూపగలిగిరి. అందచందములతో పనిలేని శృంగారమొకటి కలదని అచటనే తెలియవలెను.

నా స్వవిషయము ఒకటి చెప్పెదను. బాల్యమున నేను వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచితిని. మా నాయనమ్మ అది పురుషుడని ఎంత చెప్పినను నమ్మలేదు. నా ప్రక్కన మా పెద్దక్క కూర్చుండియున్నది. ఇంటికి వచ్చిన మరునాటినుండి ఆమె మధ్యాహ్నము అందరు నిద్రించువేళ వడ్లగాదె ప్రక్కనున్న గదిలో ఒంటరిగా అడుగులు వేసికొనెడిది. ఒకనాడు మా తాతగారు చూచిరి. తిట్టలేదు, కొట్టలేదు. "మన ఇంట ఈ చప్పుడు వినబడరాదు" అని ఒక్కమాట అనిరి. అంతే. పొడుము పీల్చుచు సిద్ధేంద్రుని కథ కన్నీటితో చెప్పిన ఆ తాతగారే! కథ మనదే, దేవుడు మనవాడే, ఆ అడుగు మాత్రము మన పిల్ల వేయరాదు. మా అక్క ఎనుబదియేండ్లకు చేరువగా నున్నది. ఇప్పటికిని పండుగనాడు ఎక్కడనైన మద్దెల వినబడినచో ఆమె కుడికాలి వ్రేళ్ళు కదలుట నేను చూచుచుందును.

మగవారికే పరిమితమైన కూచిపూడి విద్యను స్త్రీలకు నేర్పుటకు పూనుకొన్నవారిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ముఖ్యులు. అందుకు ఆయన స్వగ్రామమున పడిన మాటలు కొన్ని కావు. ఆ తలుపు అట్లు తెరచుకొన్నందుననే మన కథలోని మూడవ భాగము సాధ్యమైనది.

ఆ మూడవ భాగము ఇంద్రాణి. తల్లి వెంట ఊరూర తిరిగి, రంగస్థలపు ప్రక్కతెరల నడుమ పెరిగిన పిల్ల. 1945లో, తన పదునైదవయేట, హబీబ్ రహమాన్ అను వంగదేశపు వాస్తుశిల్పిని వివాహమాడినది. ఆయనకు అప్పటికి ముప్పది యేండ్లు. తల్లి మతము మారి పెండ్లాడినది. కూతురు మతము మారని పెండ్లి చేసికొన్నది. పదునైదవయేటి పెండ్లిని నేను మెచ్చుకొనను గాని, ఆ దంపతులకు కలిగిన కొడుకు, కూతురు ఇద్దరును కళలయందే పేరు గాంచిరి. 1952లో ఇంద్రాణి 'మిస్ ఇండియా'గా ఎన్నికై అమెరికాలో జరిగిన మొదటి విశ్వసుందరి పోటీకి వెళ్ళినది. అప్పటికామె బిడ్డతల్లి.

ఆ 1952వ సంవత్సరముననే మన విజయవాడలో ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుడు. స్వతంత్రభారతపు మొదటి లోక్‌సభ ఎన్నికలలో విజయవాడ నియోజకవర్గమునుండి కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినది హరీంద్రనాథ చట్టోపాధ్యాయుడు! సభలలో ఉపన్యాసమునకు మారుగా పాట పాడి జనమును ఊపివేసిన ఆ కవికి మన తండ్రులు ఓట్లు వేసిరి. ఆయన పూర్వకథ వారిలో ఎందరికి తెలియునో!

అదే విజయవాడకు ఇంద్రాణి వచ్చి, కోరాడ నరసింహారావుగారివద్ద కూచిపూడి నేర్చుకొనెను. ఈ రెండు సంఘటనలకు ముడి వేయుట నా యుద్దేశము కాదు. ఒక ఊరికి రెండు దారులు వచ్చి చేరినవని మాత్రమే చెప్పుచున్నాను. అప్పటికే ఆమె చొక్కలింగంపిళ్ళగారివద్ద పందనల్లూరు బాణీ భరతనాట్యము నేర్చినది. తరువాత చార్లెస్ ఫాబ్రి అను హంగేరీ దేశపు కళావిమర్శకుని ప్రోద్బలమున ఒరిస్సా వెళ్ళి దేవప్రసాదదాసు వద్ద ఒడిస్సీ నేర్చెను. ఇన్ని నేర్చినను, గురువైన నరసింహారావుగారితో కలిసి ఆమె దేశదేశములలో కూచిపూడిని ఆడినది. కూచిపూడి శాస్త్రీయమా, కాదా అని ఇంకను తర్కించుచున్న రోజులవి. అట్టి రోజులలో మన పొలాల నడుమ పుట్టిన అడుగును ఆమె పరదేశముల రంగస్థలములమీద నిలిపినది. 1961లో వాషింగ్టనులో అమెరికా అధ్యక్షుడు కెన్నడీ ఎదుట, మన ప్రధాని నెహ్రూ ఎదుట నాట్యము చేసినది. ఏ దేశమైతే ఆమె తల్లిని పెండ్లి చేసికొన్నందుకు పౌరసత్వమునుండి వెలివేసినదో, ఆ దేశపు రాజధానిలో!

1969లో ఇంద్రాణికి పద్మశ్రీ వచ్చినది. 1976 నుండి ఆమె న్యూయార్కులోని జూలియార్డు కళాశాలలో నాట్యము నేర్పినది. 1999లో ఆ నగరముననే పరమపదించినది. రాగిణి 1982లో, ఎనుబదితొమ్మిది యేండ్లు నిండనుండగా, న్యూజెర్సీలో వృద్ధనటులకై యేర్పరచిన ఆశ్రమమున కన్నుమూసినది. ఇంద్రాణి కూతురు సుకన్య తన అమ్మమ్మను, అమ్మను గురించి ఒక గ్రంథము వ్రాసినది. ఆమెయు నర్తకియే.

మరియొక జంటను ఒక్కమాటలో చెప్పి ముగించెదను. రుక్మిణీదేవి 1920లో, తన పదునారవయేట, ఆంగ్లేయుడైన జార్జి అరండేలును వివాహమాడినప్పుడు మద్రాసంతయు ఉడికిపోయినది. పదునైదేండ్ల తరువాత ఆమె అడయారులో భరతనాట్యము చేసినప్పుడు మరియొకసారి ఉడికినది. ఆమెకును గౌరీ అమ్మాళ్ నేర్పినది. ఆ తల్లి ఇంటి వాకిట ఒకరి చెప్పులు తూర్పువి, ఒకరివి పడమటివి. లోపల పదము ఒక్కటే.

ఇదంతయు నేను బాబాయిగారికి మొన్న అరుగుమీద కూర్చుండి చెప్పితిని. ఆయన ముఖమున ఏ భావమును లేదు. రాగిణి భర్తను విడిచిన ఘట్టమున మాత్రము "చూచితివా!" అన్నట్లు నావైపు చూచిరి. నేను ఊరకుంటిని. ఆ మాట అబద్ధము కాదు గదా. అంతయు విని, చాలసేపటికి అడిగిరి:

"అయితే ఆవిడది మోజా, భక్తా?"

"మోజుతో వచ్చినది బాబాయీ. వచ్చినపిమ్మట ఒకరి కాళ్ళవద్ద కూర్చున్నది. కూర్చున్నచోటు దిగజారలేదు."

"మా వాడు ఎవరి కాళ్ళవద్ద కూర్చున్నాడు?"

అది నాకు తెలియదంటిని. ఆయన తల ఊపి లేచిరి. గుడిమెట్లు దిగి, మరల వెనుకకు వచ్చిరి.

"నాకు ఇంగ్లీషు రాదు. నీవు వ్రాయి. శివరాత్రికి మన ఊరు రమ్మను. నాలుగు రోజులు ఉండమను. కూచిపూడి తీసికొనిపోదాము. మీ పెద్దక్కను కూడ కారులో ఎక్కించు."

"అట్లే."

"గోంగూర కారము తక్కువ వేయిస్తామని వ్రాయి. కాలువగట్టున దోమలు జాస్తి; దోమతెర తెచ్చుకొమ్మని అదికూడ వ్రాయి."

వ్రాసి పంపితిని.